జాబితాలో నేర్చుకున్న మాట రాసేటప్పుడు ఎందుకు గుర్తురాదు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. ఇంగ్లీషు వార్తలు, వ్యాసాలు చదివితే మీకు చాలావరకు అర్థమవుతున్నాయి. ఒక పరీక్ష కోసం వెయ్యి కఠినమైన మాటల జాబితా బట్టీ పట్టారు. తీరా ఏదైనా రాయబోతే గుడ్, బ్యాడ్, ఇంపార్టెంట్, ప్రాబ్లమ్ అనే నాలుగు మాటల చుట్టూనే తిరుగుతున్నారు. రోజుకు ఎన్ని మాటలు నేర్చుకోవాలి, ఏ యాప్ మంచిది, పాత జాబితాను ఏం చేయాలి అని అడిగారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు, ఇంగ్లీషుల మధ్య అనువాదాలు చేస్తున్నాను. మొదట్లో నేనూ జాబితాల మీద పడ్డవాణ్ణే. యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకు జరిగిన ఒక చిన్న పరాభవం చెప్తాను.

ఒక సంపాదకుడు నా అనువాదం బాగుందని నాలుగు మంచి మాటలు రాశాడు. జవాబులో కృతజ్ఞతలు చెప్తూ వాటిని ‘ఫుల్సమ్ ప్రెయిజ్’ అన్నాను. నా జాబితాలో ఆ మాట ఎదురుగా ‘సమృద్ధమైన’ అని ఉంది. మాటలోనే ఫుల్ అని కనిపిస్తోంది, ఇక అనుమానం ఎందుకు? ఆయన తిరుగు జవాబు ఒక్కటే వాక్యం: ‘నేను మిమ్మల్ని అంతగా ముఖస్తుతి చేశానా?’ ఆ మాటకు సమృద్ధి అనే అర్థం ఒకప్పుడు ఉండేది. ఇప్పటికీ కొందరు అలా వాడతారు. కానీ ప్రెయిజ్ పక్కన అది చేరిందంటే చాలామందికి వినిపించేది వెగటు పుట్టేంత పొగడ్త అనే.

జాబితా నాకు అర్థం ఇచ్చింది. ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో, ఎంత బరువు తూగుతుందో ఇవ్వలేదు. మీ వెయ్యి మాటలూ రాసేటప్పుడు రాకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. జ్ఞాపకశక్తిని నిందించకండి. ఏ మాట ఎక్కడ నప్పుతుందో నమ్మకం లేనప్పుడు మనసు జంకుతుంది, ఎక్కడైనా చెల్లే గుడ్, బ్యాడ్‌లను అందించి ఊరుకుంటుంది.

తెలుగులో మీకు ఈ ఇబ్బంది లేదు. కల కన్నాను అంటారు గాని కల చూశాను అనరు. ఒట్టు వేస్తారు, ప్రమాణం చేస్తారు. వాన కుండపోతగా కురుస్తుంది, గాలి మాత్రం కుండపోతగా వీయదు. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, వినగా వినగా వచ్చాయి. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో రాసింది దీని గురించే. ఇంగ్లీషులో వాన హెవీ, గాలి స్ట్రాంగ్. మిస్టేక్‌కు మేక్, క్రైమ్‌కు కమిట్. ఈ జంటలు అందరికీ తెలిసినవే. ఇంకాస్త లోతుకు వెళ్తే మాటలకు స్వభావాలు కూడా ఉంటాయి. కాజ్ అనే క్రియనే చూడండి. దాని వెంట వచ్చేవి ఎక్కువగా డ్యామేజ్, ప్రాబ్లమ్స్, డెత్, కన్సర్న్. ‘యువర్ విజిట్ కాజ్డ్ జాయ్’ అంటే వ్యాకరణం తప్పు పట్టదు, చదివేవాడు మాత్రం ఒక క్షణం ఆగుతాడు. తెలుగులో ఎవరి పనినైనా నిజంగా మెచ్చుకోవాలంటే ‘ఇదంతా నీ నిర్వాకమే’ అంటామా? అలాంటిదే.

ఇక లెక్కల సంగతి. న్యూజీలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో దీన్ని అంచనా కట్టాడు. నవలలు, వార్తాపత్రికలు ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే వాటిలోని మాటల్లో నూటికి 98 తెలిసి ఉండాలనుకుంటే, 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. మాట్లాడే ఇంగ్లీషుకు 6,000 నుంచి 7,000 సరిపోతాయి. హ్యాపీ, హ్యాపిలీ, హ్యాపీనెస్, అన్‌హ్యాపీ అన్నీ కలిపి ఒక కుటుంబం. 98 అనేది మరీ పెద్ద పట్టు అనిపించవచ్చు. మూడొందల మాటల పేజీలో ఆరు తెలియని మాటలుంటే అది 98 శాతం. పదిహేను ఉంటే 95 శాతం. ఆరింటిని సందర్భం నుంచి ఊహించవచ్చు. పదిహేనైతే సందర్భమే సగం చీకట్లో ఉంటుంది.

మీరు ఇప్పటికే నాలుగైదు వేల దగ్గర ఉన్నారనుకుందాం. రోజుకు మూడు మాటలు చాలు, ఏడాదికి వెయ్యి దాటుతాయి. రోజుకు ముప్పై నేర్చుకున్నామనేవాళ్ళను చాలామందిని చూశాను. మూడు నెలల తర్వాత వాళ్ళ దగ్గర మిగిలేది కూడా ఇంచుమించు ఆ మూడే.

ఏ మూడు అన్నది అసలు ప్రశ్న. మైఖేల్ వెస్ట్ 1953లో తెచ్చిన దాదాపు 2,000 మౌలిక పదాల జాబితా మీకు ఎలాగూ వచ్చు. ఆ పైన ఉండేది ఆవ్‌రిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. అందులో ఉన్నవి 570 కుటుంబాలే గాని, విద్యా సంబంధమైన రచనల్లో ఇంచుమించు పదో వంతు మాటలు వాటివే. అస్యూమ్, డిరైవ్, సిగ్నిఫికెంట్, కాంట్రాస్ట్ లాంటివి. చూడగానే ‘ఇవి తెలిసినవే’ అంటారు. సరే, డిరైవ్‌తో ఇప్పుడే మూడు రకాల వాక్యాలు రాయండి. తడుముకున్నారంటే మీ పని ఇక్కడే మొదలవుతుంది. అడ్వాన్స్‌డ్ ఒకాబ్యులరీ అనగానే జనం ఈ మధ్య మెట్టును వదిలేసి, పదేళ్ళకోసారి కనబడే మాటల మీదకు దూకుతారు. దీనికి పాత పరీక్షల బాధ్యత కొంత ఉంది. జీఆర్ఈలో ఒకప్పుడు వ్యతిరేక పదాలు, పదసామ్యాలు విడిగా అడిగేవారు. 2011 ఆగస్టులో వాటిని తీసేశారు. ఇప్పుడు అడిగేది వాక్యంలో ఖాళీని నింపమని, అంటే సావాసమే. మీ వెయ్యి మాటల జాబితా వాలకం చూస్తే ఆ పాత కాలందిలా ఉంది.

పొడవాటి మాటే పెద్ద మాట అనుకోవడం ఇంకో పొరపాటు. బ్లంట్, గ్రిమ్, వేరీ, హంచ్ ఇవన్నీ చిన్నవే. రూల్ అవుట్, ఫాల్ త్రూ, ఫేజ్ అవుట్ లాంటి జంటలైతే ఒకటో తరగతి మాటలతో కట్టినవి. బాగా రాసేవాళ్ళ రచనల్లో ఇవి అడుగడుగునా ఉంటాయి, మన రచనల్లో దాదాపు ఉండవు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన మాట సెట్ అనే మూడక్షరాల క్రియ.

మాటకు బరువు ఉంటుందని మొదట్లో అన్నాను, ఇక ఆ సంగతి. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక పెద్ద సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. మనకు నీళ్ళు ఉన్నాయి, జలం ఉంది, ఉదకం ఉంది. దాహమేసినప్పుడు ‘కాస్త ఉదకం ఇస్తారా’ అంటే నవ్వుతారు. చావు, మరణం, నిర్యాణం ఒకటే సంగతి, కానీ దోమకు నిర్యాణం ఉండదు. ఇంట్లో పుట్టిన మాట, సంస్కృతం నుంచి వచ్చిన మాట పక్కపక్కన బతుకుతూ పని పంచుకున్నాయి. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరిగింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాలకుల ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి. తర్వాత పండితులు లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్నారు. అందుకే ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ అని మూడు అంతస్తులు. స్నేహితుణ్ణి ఆస్క్ చేస్తారు, ఒకరి నిజాయితీని క్వశ్చన్ చేస్తారు, నిందితుణ్ణి ఇంటరాగేట్ చేస్తారు. అలాగే రైజ్, మౌంట్, అసెండ్. కింగ్లీ, రాయల్, రీగల్. కొత్త మాట ఎదురైనప్పుడల్లా నన్ను నేను అడిగే ప్రశ్న ఇది: తెలుగులో దీని స్థానం నీళ్ళదా, జలానిదా, ఉదకానిదా? జవాబు నూరు శాతం సరిపోకపోవచ్చు. ఆ ప్రశ్న వేసుకున్నవాళ్ళు మాత్రం మామూలు ఈమెయిల్‌లో కమెన్స్, ఎండెవర్ అని రాయరు.

ధాతువులు నేర్చుకోమని చాలామంది సలహా ఇస్తారు. మంచిదే, కొంతవరకు. చూడటం అనే అర్థమున్న స్పెక్ట్ తెలిస్తే, చుట్టూ చూసుకునేవాడు సర్కమ్‌స్పెక్ట్ అని గుర్తుంటుంది. మనం వెనకాముందూ చూసుకునే మనిషి అంటాం, అచ్చంగా అదే. రెట్రోస్పెక్ట్ మన సింహావలోకనానికి దగ్గర. ఇంతవరకు హాయిగా ఉంటుంది. అయితే ఆహారం, విహారం, సంహారం మూడింటిలోనూ ఉన్నది ఒకే ధాతువని తెలిసినంత మాత్రాన వాటి అర్థాలు ఊహించగలమా? రిఫర్, డిఫర్, ఇన్‌ఫర్, కాన్‌ఫర్ కూడా అంతే. ధాతువు చేసే సాయం గుర్తు పెట్టుకోవడంలో. దాంతో అర్థం కనిపెట్టబోతే దెబ్బ తింటాం. సెంటిపీడ్‌లో ఉన్నది లాటిన్ పాదం, పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు పిల్లవాడు. నాయిసమ్‌కు నాయిస్‌తో సంబంధం లేదు, దాని అర్థం రోత పుట్టించేది, ముఖ్యంగా వాసన. ఎగ్రీజియస్ అంటే లాటిన్ ప్రకారం మందలోంచి వేరుగా నిలిచినది. మొదట అది ప్రశంస. ఇప్పుడు ఎగ్రీజియస్ ఎర్రర్ అంటే క్షమించరాని తప్పు.

చదవడం గురించి అందరూ చెప్పేది ‘విరివిగా చదవండి’ అని. నేను కొంచెం వేరేగా చెప్తాను: కొన్నాళ్ళు ఇరుకుగా చదవండి. మీకు కావలసిన స్థాయి మాటలు అరుదుగా వస్తాయి. లక్ష మాటల నవలలో కూడా ఒకటి రెండుసార్లే కనబడవచ్చు, మళ్ళీ కనబడేలోగా మరిచిపోతారు. అదే ఒక విషయం పట్టుకుని మూడు నెలలు చదివితే మాటలు వాటంతట అవే తిరిగొస్తాయి. ఆర్థిక వ్యాసాలు చదివేవాళ్ళకు స్లగ్గిష్ గ్రోత్, కర్బ్ ఇన్‌ఫ్లేషన్, రీబౌండ్ వారానికి నాలుగుసార్లు ఎదురవుతాయి, అదీ తమ సావాసంతో సహా. తర్వాత ఆరోగ్యం, ఆ తర్వాత చరిత్ర, మీ ఇష్టం. తెలియని మాట మొదటిసారి కనబడితే పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు పోండి. రెండోసారి కనబడినప్పుడు నిఘంటువు తీయండి. మళ్ళీ ఎదురుపడని మాట మీద సమయం పెట్టకుండా ఈ చుక్కే కాపాడుతుంది.

ఇప్పుడు నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిన పద్ధతి. ఇది కొత్తదేం కాదు. ఇంగ్లండు రాణి కాకముందు ఎలిజబెత్‌కు పాఠాలు చెప్పిన రోజర్ ఆష్కమ్ లాటిన్ నేర్పడానికి దీన్నే సిఫార్సు చేశాడు. ఆయన పోయాక 1570లో వచ్చిన పుస్తకంలో అది వివరంగా ఉంది. పేరు జంట అనువాదం. బాగా రాసిన ఇంగ్లీషు పేరా ఒకటి, అయిదారు వాక్యాలు చాలు, తీసుకుని శ్రద్ధగా తెలుగు చేయండి. అసలును దాచేయండి. వారం తర్వాత మీ తెలుగును మాత్రమే చూస్తూ మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చండి. అప్పుడు అసలును పక్కన పెట్టి పోల్చండి.

ఒక చిన్న ఉదాహరణ. అసలు వాక్యం: ‘ద మినిస్టర్ ప్లేడ్ డౌన్ ద సెట్‌బ్యాక్’. తెలుగులో మీరు ‘ఆ ఎదురుదెబ్బను మంత్రి తేలిగ్గా కొట్టిపారేశారు’ అని రాశారు. వారం తర్వాత తిరిగి రాస్తే ‘ద మినిస్టర్ టుక్ ద ఫెయిల్యూర్ లైట్లీ’ అని వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టగానే రెండు సంగతులు బయటపడతాయి. టుక్ లైట్లీ అంటే ఆయనకే పట్టలేదని. ప్లేడ్ డౌన్ అంటే లోపల ఎంత టెన్షన్ ఉన్నా, జనానికి అది చిన్న విషయంగా కనబడేలా మాట్లాడాడని. ఇక ఫెయిల్యూర్ అంటే పని మొత్తం చెడింది, సెట్‌బ్యాక్ అంటే దారిలో దెబ్బ తగిలింది, ప్రయాణం ఆగలేదు. ఈ తేడాను నిఘంటువులో చదివితే రేపటికి పోతుంది. మీరే తప్పు రాసి, మీరే పట్టుకుంటే పోదు. నేను ఏడాది పాటు వారానికి రెండు పేరాలు ఇలా చేశాను. మొదటి రెండు నెలలూ నా ఇంగ్లీషు చూసుకుంటే సిగ్గేసేది. తర్వాత తర్వాత కొన్ని చోట్ల అసలు రచయిత మాటే నా కలం నుంచి రావడం మొదలైంది. ఇంకొన్ని చోట్ల, గొప్ప కోసం చెప్పడం లేదు, నాదే బాగుందనిపించింది.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మీరు ఏ మాటలను ఎగ్గొడుతున్నారో తెలుస్తుంది. నా విషయంలో అది హిజిటెంట్, రిలక్టెంట్, రెటిసెంట్ అనే మూడు. అన్నిటికీ ‘వెనకాడే’ అని రాసుకుని సరిపెట్టుకునేవాణ్ణి. చేయాలో వద్దో తేలనివాడు హిజిటెంట్. చేయడం ఇష్టం లేనివాడు రిలక్టెంట్. మనసులో మాట బయటపెట్టనివాడు రెటిసెంట్. మొహమాటం ఈ మూడింటి మధ్య ఎక్కడో ఉంటుంది. దానికి ఇంగ్లీషులో ఒక్క మాట ఇప్పటికీ దొరకలేదు.

మరుపు గురించి క్లుప్తంగా. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలను తానే బట్టీ పట్టి, ఎంత వేగంగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే మళ్ళీ చూసుకునే వ్యవధిని క్రమంగా పెంచుతూ పోవాలి. సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన కార్డుల పెట్టె, 2006లో వచ్చిన ఆంకీ యాప్ ఈ సూత్రం మీదే నడుస్తాయి. యాప్ ఏదన్నారుగా, ఆంకీ చాలు. అయితే అందులో ఎవరో తయారుచేసి పెట్టిన కార్డులు దించుకోకండి. మీరు చదివిన వాక్యంతో మీరే చేసుకోండి. ముందువైపు తెలుగులో సందర్భం, కింద ఖాళీ ఉన్న ఇంగ్లీషు వాక్యం: ‘జరిగిన నష్టం తీవ్రతను తగ్గించాలని చూశారు. దే ట్రైడ్ టు ____ ద డ్యామేజ్’. వెనుకవైపు మిటిగేట్. ఇంగ్లీషు మాట చూసి అర్థం చెప్పే కార్డు చదవడానికి పనికొస్తుంది. రాయడానికి కావలసింది దీనికి తిరగేసినది. కార్డు మూలన ఒక హెచ్చరిక కూడా రాసుకోవచ్చు: మిటిగేట్ నష్టానికి, ముప్పుకు, ప్రభావానికి, ఒంటి బరువు తగ్గడానికి కాదు. మిలిటేట్ అగైన్‌స్ట్ వేరే మాట, చాలామంది రెండింటినీ కలిపేస్తారు.

ఉచ్చారణ అప్పుడే నేర్చుకోండి, వాయిదా వేయొద్దు. తెలుగులో రాసినట్టే పలుకుతాం, ఇంగ్లీషుకు ఆ నియమం లేదు. ఎపిటోమ్ అని పదేళ్ళు మనసులో చదువుకున్నవాడికి ఎవరైనా ఎపిటమీ అంటే అది అదే మాటని తట్టదు. ఇండిక్ట్ అని రాసి ఇండైట్ అంటారు. నిఘంటువు యాప్‌లో ఆ స్పీకర్ గుర్తును ఒకసారి నొక్కితే చాలు.

నిఘంటువుల్లో మీకు కావలసింది నేర్చుకునేవాళ్ళ కోసం రాసినది. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్తూ కూర్చిన నిఘంటువు 1942లో అక్కడే అచ్చయింది. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. 1978లో వచ్చిన లాంగ్‌మన్ దాదాపు 2,000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెప్పింది. 1987 నాటి కోబిల్డ్ ఒక అడుగు ముందుకేసి, అర్థాన్నే పూర్తి వాక్యంగా రాసింది, దాంతో వాడుక కూడా అక్కడే తెలుస్తుంది. నాకు కోబిల్డ్ ఇష్టం. దగ్గరి అర్థాల మాటలను ఒకచోట చేర్చే థెసారస్‌తో మాత్రం జాగ్రత్త. 1852లో రోజే దాన్ని ప్రచురించింది భావం మనసులో ఉండి మాట తట్టనివాళ్ళ కోసం. అది తెలిసిన మాటను గుర్తు చేస్తుంది. తెలియని మాటను అందులోంచి ఏరుకొస్తే నా ఫుల్సమ్ కథే అవుతుంది. అనుమానం వస్తే మార్క్ డేవీస్ 2008లో అందుబాటులోకి తెచ్చిన అమెరికన్ ఇంగ్లీషు కోర్పస్, అంటే నిజమైన వాడుక నుంచి పోగుచేసిన పెద్ద పాఠాల భాండాగారం ఉంది, ఇప్పుడు అందులో వంద కోట్లకు పైగా మాటలున్నాయి. మాట కొడితే దాని ఇరుగుపొరుగు ఎవరో చూపిస్తుంది. పంపే ముందు అక్కడ ఒక్క నిమిషం వెతికి ఉంటే ఆ సంపాదకుడితో నాకు ఆ మాట పడేది కాదు.

మిగిలింది మీ పాత జాబితా. పారేయకండి, దాన్ని చదవడమూ మానేయండి. బల్ల మీద ఉంచి, మీరు చదివే వ్యాసాల్లో అందులోని మాట నిజంగా తగిలినప్పుడు దాని పక్కన టిక్ పెట్టి, ఆ వాక్యాన్ని కార్డుగా రాసుకోండి. ఆరు నెలల తర్వాత టిక్ పడని మాటలను కొట్టేయండి. నా జాబితాలో ఆరు నెలలకు సగం కూడా మిగల్లేదు, కొట్టేసినవాటిలో ఒక్కదాని అవసరం నాకు ఇంతవరకు పడలేదు.